పలచబడ్డ చందమామలు

ఆ ఉదయం గుడ్ల వ్యాపారి చేతిలో ఉన్న సరుకు ఇదీ: నలభై రెండు అట్టల గుడ్లు, చీకటిగదిలో ఒక దీపం, మేడ మీద రెండేళ్లుగా తన ఉద్యోగం ఊసెత్తని కూతురు. మొదటి రెండింటినీ ఎలా చూసుకోవాలో ఆయనకు బాగా తెలుసు.

చీకటిగది కొట్టు వెనకాల ఉంది. దీపానికి రేకు మూత, మూతకు గోటంత కంత. గుడ్డును కంతకు ఆనించి చూస్తే లోపల పొద్దు పొడిచినట్టుంటుంది. ఆ నారింజ వెలుగులో పచ్చసొన, నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా కదులుతుంది. కూతురు చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని వాటిని చందమామలు అనేది. "నాన్నా, ఇంకో చందమామ!" అంటూ అట్ట పూర్తయ్యేదాకా లేచేది కాదు.

కొట్టు ఆ పిల్లకే అప్పజెప్పాలనుకున్నాడు. ఆమె వెళ్లి రోగాల మీద నిఘా పెట్టే ఆఫీసులో చేరింది. ఆనాటి గొడవలో ఆయనే షరతు పెట్టాడు: అన్నం దగ్గర నీ రోగాల కబుర్లు వద్దు. అయితే నీ గుడ్ల కబుర్లూ వద్దు, అంది కూతురు. బేరం కుదిరింది. ఇద్దరూ మాట తప్పే రకం కాదు.

ఆయన చద్దన్నానికి కూర్చునే వేళకు కూతురు మేడ దిగి వచ్చింది. నిద్ర లేక కళ్లు లోతుకు పోయాయి.

"మళ్లీ కాలువల మీదికేనటే ప్రయాణం?" అన్నాడాయన భార్య వైపు తిరిగి, కూతురికి వినబడేలా. "ఇంత చదివించింది మురుగు వాసన చూడటానికన్నమాట."

"పొద్దున్నే మొదలెట్టకండి బాబూ," అంది భార్య. "మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక చస్తున్నాను. అవతల మా తమ్ముడికి నాలుగు రోజులుగా జ్వరం. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయట. కోళ్ల షెడ్డులో దుమ్మంటాడు, డాక్టరు దగ్గరికి వెళ్లమంటే వినడు."

కూతురి చేతిలో కాఫీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "మావయ్య కోళ్లు బాగానే ఉన్నాయా అమ్మా?"

"నన్నడుగుతావేం? మీ నాన్ననడుగు. ఆ గుడ్లన్నీ ఆయన చేతిమీదుగానేగా పోయేది."

వ్యాపారి పళ్లెంలోకి చూశాడు. బావమరిది పంపే గుడ్ల పెంకు పలచబడి పదకొండు రోజులైంది. ఎండ వల్లో, సున్నం చాలకో అనుకున్నాడు. మేతలో ఆల్చిప్పల పొడి కలపమని కబురు పెట్టి ఊరుకున్నాడు.

"అన్నం దగ్గర ఆ కబుర్లు వద్దనుకున్నాం," అన్నాడు.

"నాన్నా!" ఆ గొంతుకు వంటింటి గిన్నెలు కూడా ఉలిక్కిపడ్డట్టయింది. "తొమ్మిది రోజులుగా ఈ ఊరి మురుగు కాలువ నీళ్లలో కోళ్ల జ్వరం జాడ కనబడుతోంది. ఎక్కణ్నుంచో తెలియక వీధివీధీ తిరుగుతున్నాం. ఇదివరకు ఎప్పుడో వచ్చి పోయేది. ఇప్పుడు పిట్టలతో పాటు దేశాలు దాటి వస్తోంది. కొన్నిచోట్ల ఆవులకీ పాకింది, అక్కడక్కడా మనుషులకీ. నీకేం తెలుసో చెప్పు."

"చెబితే ఏమవుతుందో నాకూ తెలుసు. షెడ్డు ఖాళీ చేసేస్తారు. నా కొట్టుకు తాళం వేస్తారు. మీ మావయ్య బతుకంతా ఆ కోళ్లేనే!"

"మావయ్య బతికి ఉంటేగా నాన్నా," అంది కూతురు, చాలా నెమ్మదిగా.

భార్య చేతిలో గరిటె కింద పడింది. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, చీకటిగది వైపు నడిచాడు. కూతురు వెంట వెళ్లి, గుమ్మంలోనే ఆపి, తన సంచిలోంచి మాస్కు తీసి ఆయన చెవులకు తగిలించింది. చేతులకు తొడుగులు వేసింది. చిన్నప్పుడు తాను ఆమెకు బూట్లు తొడగడం ఆయనకు గుర్తొచ్చింది.

దీపం వెలిగింది. బావమరిది అట్టలోంచి ఒక గుడ్డు తీసి కంతకు ఆనించాడు. నాని చిరగబోతున్న కాగితంలోంచి వచ్చినట్టు వెలుగు మచ్చమచ్చలుగా వచ్చింది. ఇద్దరూ ఆ జబ్బు చందమామను చూస్తూ ఉండిపోయారు. బయటి ప్రపంచం ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది.

"ఎన్నాళ్లుగా?"

"పదకొండు రోజులు. మొదటిరోజు మూడు. మర్నాడు తొమ్మిది. అన్నీ షెడ్డులో తూర్పు వరసవే, ఆ అట్టల మీద సుద్దగీత ఉంటుంది."

"మాకంటే రెండు రోజుల ముందే చూశావు! మా మిషన్లకు దొరకనిది నీ దీపానికి దొరికింది. ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"అడిగితేగా చెప్పేది?"

"అడగనిస్తేగా!"

నవ్వబోయిన ఆయనకు ఏడుపొచ్చింది. మాస్కు తడిసింది.

ఆ పూటే బావమరిదిని ఆస్పత్రిలో చేర్చారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు. వారానికి జ్వరం దిగాక బావమరిది ఫోన్ చేసి దెప్పాడు: "మొత్తానికి నా కోళ్లను పట్టించేశావు కదా బావా!"

"నిన్ను దక్కించుకున్నాంగా," అన్నాడు వ్యాపారి. "గుడ్లు పెట్టకపోయినా సర్దుకుంటాంలే."

నలభై రోజుల తర్వాత కొట్టు తెరుచుకుంది. ఇప్పుడు ఊళ్లో గుడ్ల వ్యాపారులందరూ పొద్దున్నే పలచ పెంకు గుడ్లు ఎన్ని వచ్చాయో కూతురి ఆఫీసుకు ఫోన్‌లో చెబుతారు. అన్నం దగ్గర కబుర్లు ఎంతకీ తెమలవు. కబుర్లు మోసే పని తప్పాక భార్య తీరిగ్గా తన తమ్ముణ్ని తిడుతుంది.

ఆఖరి లెక్క చూసుకుంటే, పోయినవి నాలుగు వేల కోళ్లు, నలభై రోజుల బేరం, రెండేళ్ల పంతం. మిగిలింది బావమరిది. వచ్చింది మాత్రం, సెలవురోజు పొద్దున చీకటిగదిలో ఆయన పక్కన వినబడే ఒక గొంతు:

"నాన్నా, ఇంకో చందమామ."