వరుస కట్టిన పొక్కులు

"నల్లా వచ్చిందా?" వినోద చెవిలోని బటన్ అడిగింది.

"వచ్చింది. బిందె దొరుకుతలేదు," అంది వినోద మాస్క్ కింద నుంచే.

కోడ్ సరిపోయింది. అవతల ఇంటెలిజెన్స్ చీఫ్ కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు.

"సరిహద్దు అవతలున్న మన ఐదుగురు ఏజెంట్ల పేర్లు ఇయ్యాల దేశం దాటుతానయ్. ఒక పంటి క్రౌన్ల, అంటే పంటి తొడుగుల! ఎయిర్‌పోర్టుల బ్యాగు చూస్తరు, బెల్టు చూస్తరు, నోరు తెరిపించి పండ్లు చూడరు గద. కొరియర్ కాజీపేటల నాలుగున్నర బండి ఎక్కుతడు. మొహం తెల్వదు. నీకున్నది గంటన్నర."

ఆ ఐదుగురిలో ఒకడు అఖిల్. వినోద సొంత తమ్ముడు. ఆమె ట్రేలోని క్రౌన్లను ట్వీజర్‌తో ఒక్కొక్కటే తిప్పి చూడసాగింది.

రహస్యాలు అమ్మే ముఠా పని ఇక్కడే జరుగుతోందన్న అనుమానంతో మూడు వారాలుగా వినోద సుబేదారిలోని ఈ డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ వేషంలో ఉంది. మైనంతో పన్ను చెక్కి, దాని చుట్టూ అచ్చు కట్టే ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్ కలిపి పోస్తారు. అది గట్టిపడ్డాక ఫర్నేసులో మైనం కరిగిపోతుంది. మిగిలిన ఖాళీలోకి కరిగిన సిరామిక్‌ను ప్రెస్ చేస్తారు. పోసేటప్పుడు మైనానికి గాలి బుడగ అంటుకుంటే క్రౌన్ మీద పొక్కు లేస్తుంది.

ఆ పొక్కులే సీనియర్ టెక్నీషియన్ రాజమౌళి ప్రాణం తోడేస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆయన గోటితో తడిమి చూడనిదే ఒక్క క్రౌన్ గడప దాటలేదు.

"వ్యాక్యూమ్ మిక్సర్ మార్చిన బిడ్డా, పౌడర్ మార్చిన. డాక్టర్ సింధు మేడం పంపే కేసులకే వస్తానయ్, అదీ లోపటి దిక్కు. గీకుదామంటే ముట్టొద్దంటది, ఆమెనే చూసుకుంటదట. నా ఇజ్జత్ పోతాంది."

వినోద ఫోన్ తీసి కిందటి వారం కేసు ఫొటో పెద్దది చేసింది. గాలి బుడగలు ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటాయి. ఇవి బుద్ధిగా వరుస కట్టాయి. ఒకటి, మూడు, ఖాళీ, రెండు.

"కాకా, వీటి మైనం పన్ను ఎవరు చెక్కిన్రు?"

"మేడమే చెక్కి పంపుతది."

అవి బుడగలు కావు, కోడ్ రాయడానికి కావాలని పెట్టిన మైనపు చుక్కలు. డాక్టర్ సింధు! ముఠాలో చేరినట్టు నటిస్తూ రెండేళ్లుగా చీఫ్‌కు కబుర్లు మోస్తున్న మన మనిషి!

గుప్పుమని సెంటు వాసన. గుమ్మంలో గద్వాల చీర, నల్ల కళ్లద్దాలు.

"నా కేసు రెడీనా?" అంటూ దగ్గరకొచ్చిన సింధు చూపు ఫోన్ మీద పడింది. నవ్వు చెదరలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి, బల్ల చాటున వినోద నడుముకు ఆనించింది.

"అరిచావంటే అయిపోతావ్. ఇందులో ఒకటే బుల్లెట్. నీకు చాలు," అంది గుసగుసగా.

రాజమౌళి అదేమీ చూడలేదు. అప్పుడే శుభ్రం చేసిన క్రౌన్ పట్టుకొచ్చాడు. "ఇగో మేడం. మల్ల పొక్కులే."

సింధు చేయి చాచింది. అరిస్తే తన ప్రాణం, ఊరుకుంటే అఖిల్ ప్రాణం.

"కాకా, గట్లనే ఇస్తవా? రాజమౌళికి చెయ్యి వణుకుతాంది, ఇగ పని విడిచిపెట్టాలె అనుకుంటరు ఊరోళ్లు," అంది వినోద.

ముసలాయన ముఖం జేవురించింది. క్రౌన్ ఇవ్వబోయిన చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టద్దన్నానా!" సింధు అరిచింది.

ఎవరు వింటారు? అరగదీసే హ్యాండ్‌పీస్ అప్పటికే ఆయన చేతిలో జివ్వున తిరుగుతోంది. పొక్కుల మొదటి వరుస లేచిపోయింది. లిప్‌స్టిక్ ఆయన వీపు వైపు తిరిగింది. వినోదకు ఆ అర సెకను చాలు. గిన్నెడు ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్ సింధు మొహాన కొట్టింది. బుల్లెట్ ట్యూబ్‌లైటును పగలగొట్టింది. వినోద తన ఫ్లాస్ దారం డబ్బాలో దాచిన స్టీలు తీగ లాగి సింధు చేతులు కట్టేసింది.

"గిప్పుడు చూడు!" అంటూ, ఆ రొదలో ఏదీ వినకుండా పని ముగించి ఇటు తిరిగిన రాజమౌళి, తెల్లగా మారిన డాక్టరమ్మను చూసి నోరు తెరిచాడు.

నాలుగు ఇరవై తొమ్మిదికి కాజీపేట ప్లాట్‌ఫాం మీద సింధు నల్ల కళ్లద్దాలు, మాస్కు పెట్టుకున్న వినోదను ఆమే అనుకుని ఒకతను తనంతట తానే వచ్చి క్రౌన్ అందుకున్నాడు. అతని వెనకే మన వాళ్లిద్దరు బండెక్కారు.

నాలుగో రోజు, విదేశం నుంచి సింధు ఫోనుకు వచ్చిన మెసేజ్‌ను చీఫ్ ల్యాబ్‌కు వచ్చి చదివి వినిపించాడు: లోపలంతా నున్నగా ఉంది, మళ్లీ చేసి పంపండి.

అది విని రాజమౌళి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సర్వీసుల నున్నగున్నదని కంప్లైంట్ వచ్చుడు ఇదే మొదలు."