అమ్మ అనని మాట

పొద్దున్న ఎనిమిది కాకముందే దర్జీ అమ్మ మిషన్ ముందు కూర్చుంది. ఇంటి ముందు గదే ఆమె దుకాణం. నాలుగు వీధులు కలిసే మూల కావడంతో, మామూలుగా ఒకరి గడప ఒకరు తొక్కని ఆడవాళ్ళు కూడా అక్కడ ఒకే బల్ల మీద సర్దుకుని కూర్చుంటారు. ఎవరు ఎవరి మనుషులో ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. నడుము కొలత దగ్గర మాత్రం నాలుగు వీధులవాళ్ళూ ఒకేలా అబద్ధమాడతారని ఆమెకు బాగా తెలుసు.

లోపల కూతురు ఆఫీసుకు తయారవుతోంది. ఎన్నికల్లో నిలబడ్డ ఒక లాయరమ్మకు ప్రచారపు మాటలు రాసే ఉద్యోగం ఆమెది. ఎదుటివాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో వాళ్ళకంటే ముందే పసిగడుతుందని ఆఫీసులో పేరు.

"టీ చల్లారిపోతోందే అమ్మడూ."

"రెండు నిమిషాలమ్మా."

ఆ రెండు నిమిషాల్లోనే కొంప మునిగింది.

కూరగాయల కొట్టు ఆవిడ కరపత్రంతో వచ్చింది. "లాయరమ్మ మా కొట్లవాళ్ళింటి ఆడపడుచట" అంది. బల్ల మీదున్న నర్సు తన సంచిలోంచి ఇంకొకటి తీసింది. అందులో లాయరమ్మ రైతు మనవరాలు. కిటికీలోంచి ఎవరో పడేసిపోయిన మూడోదాంట్లో బడిపంతులు కూతురు.

"ఒక్క మనిషికి ఎన్ని పుట్టిళ్ళే తల్లీ" అని నర్సు కడుపు పట్టుకుని నవ్వింది.

నాలుగోది కుట్టుపనివాళ్ళ వీధి కోసం వేసింది. ఆ వీధి నుంచి తన ఇంటికి పనికొచ్చే మనిషి చేతిలో చూసి, రిటైరైన హెడ్ టీచరమ్మ దాన్ని అడిగి తెచ్చింది. ఆవిడ నవ్వలేదు. అందులో దర్జీ అమ్మ ఫోటో ఉంది. కింద పెద్ద అక్షరాలు: 'ఇరవై ఏళ్ళుగా టీచర్ల వీధి నన్ను మనిషిగా చూడలేదు. మనవాళ్ళ బాధ మన లాయరక్కకే తెలుసు.'

"ఇరవై కాదు, ఇరవై రెండు. నేను నీ దగ్గరికి రావడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు" అంది టీచరమ్మ మెల్లగా. మనవరాలి గౌనుకని ఇచ్చిన గుడ్డ తీసుకుని, మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు.

ఆమె కరపత్రం పట్టుకుని లోపలికి నడిచింది.

"ఈ మాట నేనెప్పుడన్నానే?"

కూతురు నాలుక కరుచుకుంది. "అది టీచరమ్మ దాకా వెళ్ళాల్సింది కాదమ్మా. వీధికొకటి వేశాం."

"ఎక్కడికి వెళ్ళిందని అడగలేదు. నేనన్నానా?"

"అనలేదు. కానీ మనవాళ్ళు, పరాయివాళ్ళు అని రాయకపోతే ఎవరూ కాగితం వైపే చూడరు. అయినా నువ్వు మాటలు పడలేదా?"

"పడ్డాను. ఎవరి దగ్గర ఎంత పడ్డానో చెప్పుకోవాల్సింది నేను. నీకు లెక్కలు రాకపోతే ఆ బల్ల మీదే కూర్చోబెట్టి నేర్పింది ఆవిడ. ఆవిడ ముందు నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

ఉద్యోగంలో ఆరితేరిన నోరు ఊరికే ఉంటుందా. "నీ పని గురించి గర్వంగానే వేశానమ్మా" అంది కూతురు.

తల్లి మంచం అంచున కూలబడింది.

"గర్వమా? మొదటి ఉద్యోగంలో మీ అమ్మ ఏం చేస్తుందంటే దుస్తుల వ్యాపారం అన్నావు. మీ ఆఫీసువాళ్ళు ఇంటికొస్తుంటే మిషన్ మీద దుప్పటి కప్పమన్నావు. నువ్వు పైకి రావాలి కదా అని కప్పాను. పనికిరానప్పుడు దాచావు, పనికొస్తుందనగానే అచ్చేశావు. ఒక్కసారైనా నన్ను అడిగావా?"

కూతురికి తల కొట్టేసినట్టయింది. ఊరందరి మనసూ చదవగలననుకుంది కానీ, కన్నతల్లి మనసు ఇన్నేళ్ళూ చదవనే లేదు. ఫోన్ తీసి మేనేజర్‌తో మాట్లాడింది.

"సార్, మా అమ్మ ఫోటో ఉన్న కరపత్రం ఆపేయండి. ఆ మాట ఆవిడ అనలేదు."

"సగం పంచేశాం. ఇప్పుడు ఆపితే నీ ఉద్యోగానికి నేను పూచీ కాదు."

"సరే సార్. ఆపండి."

తిన్నగా టీచర్ల వీధికి వెళ్ళింది. దారిలో మూడు రకాలుగా మాటలు సమకూర్చుకుంది. మూడూ కరపత్రాల్లాగే ఉన్నాయని వదిలేసింది. టీచరమ్మ అల్లుడు తలుపు తీశాడు.

"ప్రచారం వాళ్ళా?"

"కాదండీ. దర్జీ అమ్మ కూతుర్ని."

టీచరమ్మ లోపలినుంచి వచ్చింది.

"అది మా అమ్మ అన్న మాట కాదండీ. ఆవిడకు చూపించకుండా నేనే రాశాను" అంది.

"మీ అమ్మ అలా మాట్లాడదని తెలుసు. కానీ ఇన్నేళ్ళూ మనసులో అదే పెట్టుకుందేమోనని ఒక్క క్షణం భయమేసింది. అందుకే అక్కడ నిలబడలేకపోయాను." టీచరమ్మ గుడ్డ తీసుకుని చెప్పులు వేసుకుంది. "పద, ఆవిడనే అడుగుతాను."

దర్జీ అమ్మ వాళ్ళిద్దరినీ చూసి మిషన్ ఆపి లేచింది. టీచరమ్మ కూర్చోకుండానే అడిగింది.

"నిజం చెప్పు. నేనెప్పుడైనా నిన్ను తక్కువగా చూశానా?"

అబద్ధం చెప్పడం దర్జీ అమ్మకు చేతకాదు.

"ఒకసారి. మొదటి ఏడు మీ ఇంటికి కొలతలకొస్తే, బయట మెట్ల మీదే కూర్చోమన్నారు. వాన పడుతోంది."

టీచరమ్మ ముఖం పాలిపోయింది. మెల్లగా బల్ల మీద కూర్చుంది.

"నాకు గుర్తే లేదు" అంది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాతో అనకపోయావా?"

"మీరు ఇవాళే కదండీ అడిగారు."

టీచరమ్మ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. మాటలే బతుకుతెరువైన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఇద్దరి మధ్యా ఆమె రాయాల్సిన మాట ఒక్కటీ లేదు.