మాత్ర మింగేలోపు

"విషం వాడరు. తుపాకీ పేలదు. అయినా ఈ సాయంత్రం పార్టీలో దూత చచ్చిపోతాడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ భృకుటి ముడిచాడు. "ఎలా సార్?"

పక్కనే కూర్చున్న మందుల ప్రొఫెసరమ్మ అందుకుంది. "ఒప్పందం మీద సంతకం పెట్టే ఆ దూతకు బీపీ. భోజనానికి ముందు మాత్ర వేసుకుంటాడు. మామూలుగా పేగు లోపలి పొర ఆ మందులో చాలా భాగాన్ని అక్కడికక్కడే విరగ్గొట్టేస్తుంది. ఇంకొంత వెనక్కి గెంటేస్తుంది. మిగిలిన కాస్తే రక్తంలో కలుస్తుంది. డోసు కట్టేది ఆ కాస్తను బట్టే. ఆ పొరలో మందును విరగ్గొట్టే ఎంజైముల్ని మూలన కూర్చోబెట్టే పండ్ల సారం, ఈ ఒప్పందం చెడగొట్టాలని చూస్తున్న ముఠా దగ్గరుంది. అది పడ్డాక మాత్ర వేసుకుంటే మందంతా రక్తంలోకి దూకుతుంది. గుండె ఆగుతుంది."

"శవపరీక్షలో దొరికేది ఆయన సొంత మందే!" అన్నాడు చీఫ్. "ముందే చెబితే దూత భయపడి సంతకం మానేస్తాడు. ముఠాకి కావలసిందీ అదే. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ మైనా ఈ కబురు పంపింది. నీ జూనియర్‌కి."

జూనియర్‌కి! డేగకు ఒళ్లు భగ్గుమంది. మైనాను ఈ పనిలోకి తెచ్చింది తను. ఇన్నాళ్లూ ఆమె కబుర్లన్నీ తనకే వచ్చేవి. ఈమధ్యే జూనియర్‌కి మార్చమని ఆమే అడిగిందట.

వెయిటర్ వేషంలో, గుండీలో కెమెరాతో డేగ హాల్లో దిగాడు. జూనియర్‌ను మాత్రం కార్ పార్కింగ్‌కి తోలేశాడు. "సార్, మైనా కొత్త కోడ్ నాకొక్కడికే తెలుసు," అని అతను నసిగినా వినలేదు.

ఆకుపచ్చ పట్టు గౌనులో మైనా మెరిసిపోతోంది. దూత పక్కన నిలబడి ఎవరికోసమో కళ్లతో వెతుకుతోంది. తనకోసం కాదు. "పాట బాగుంది. ఆలస్యంగా మొదలెట్టారు గానీ," అంది గొంతు పెంచి.

వాడికే చెబుతోంది, అనుకున్నాడు డేగ పళ్లు నూరుతూ.

అంతలో ఆమె దూతకు గ్లాసు అందించింది. అమ్ముడుపోయిందన్నమాట! ఎందుకో ప్రాణం లేచొచ్చినట్టయింది డేగకు. ట్రేతో ఢీకొట్టి గ్లాసు పగలగొట్టి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "దొరికావు."

"బుద్ధుందా? అది వట్టి సోడా! మాత్ర వేసుకోకుండా మాటల్లో పెట్టి ఆపుతున్నాను," బుసకొట్టింది మైనా. "సారం పొద్దున్నే జ్యూసులో తాగించేశారు. రేపటిదాకా ఆ పొర కోలుకోదు. ఆలస్యమైందని కోడ్‌లో మొత్తుకున్నానుగా! జూనియర్ ఏడీ?"

డేగ గిర్రున తిరిగాడు. దూత సెక్రటరీ అప్పుడే ఆయన చేతిలో మాత్ర పెట్టాడు. మాత్ర పెదాల దాకా వెళ్లింది. డేగ ఒక్క గెంతులో దూత చేతిని విసురుగా కొట్టాడు. మాత్ర ఎగిరి తివాచీ మీద పడింది.

ముఠా మనిషి ఆ సెక్రటరీయే! తలుపు తోసుకుని పరుగెత్తాడు. కార్ పార్కింగ్‌లో అతన్ని బోర్లా పడేసి పట్టుకున్నది, కర్మ కాకపోతే, జూనియర్.

సంతకాలు అయ్యాక డేగ మైనాను అడిగేశాడు. "నన్నెందుకు మార్పించావు?"

"నువ్వు నా మాట వినడం మానేసి నన్ను చూస్తూ కూర్చుంటున్నావు. అతను వింటాడు," అనేసి ఆమె పార్కింగ్ వైపు నడిచింది.

ఫోన్లో చీఫ్ గొంతు. "శభాష్! జూనియర్‌కి ఏం ఇద్దామంటావ్?"

"ప్రమోషన్ సార్," అన్నాడు డేగ. "ఎంత దూరం వీలైతే అంత దూరంలో."