చూడకుండా తీసిన చేప

బడిలో మధ్యాహ్నం గంట కొట్టి పది నిమిషాలైంది. ఒడ్డున రేకుల షెడ్డు కింద గుండుసూది మోకాళ్ళ మీద కూర్చుని నాన్న బుట్టలో చేయి పెట్టింది. కళ్ళు ఇంతేసి చేసుకుని మరీ బుట్టలోకి చూస్తోంది.

"చూడకుండా తీయాలి. టీచర్ అలాగే చెప్పారు," అన్నాడు పక్కనే నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్న ఎందుకూ.

"నీ పని రాయడం. నువ్వు రాయి."

గుండుసూది ఆరో తరగతి. మనిషి చిన్నది, మాట గుచ్చుకుంటుంది. అందుకే ఆ పేరు. ఎందుకూ కూడా అదే క్లాసు. రోజుకు వందసార్లు 'ఎందుకు' అని అడుగుతాడు కాబట్టి అందరూ వాణ్ణి అలా పిలుస్తారు. సైన్స్ టీచర్ ఈ ఇద్దరికీ ఒక పని అప్పగించారు. ఒడ్డుకు వచ్చిన ప్రతి పడవ బుట్టలోంచి పది చేపలు తీయాలి. కళ్ళు మూసుకుని, చేతికి ముందు ఏది తగిలితే అదే తీయాలి. స్కేలు అతికించిన చెక్క మీద పెట్టి, ఎక్కడ పట్టినదో, ఎన్ని సెంటీమీటర్లో రాసి, మళ్ళీ బుట్టలో వేసేయాలి.

గుండుసూది అరచేయంత చేపను పక్కకు నెట్టింది. ఇంకోదాన్నీ నెట్టింది. అడుగున ఉన్న లావుపాటి చేపను తోక పట్టి పైకి లాగింది.

"ముప్పై. రాయి."

"మీ నాన్న బుట్టలోంచి మాత్రం పెద్దవే తీస్తావు. ఎందుకు?"

గుండుసూది గడ్డంతో షెడ్డు గోడ వైపు చూపించింది. అక్కడొక నోటీసు అంటించి ఉంది. అఖాతంలో చేపలు తగ్గిపోతున్నాయట, చిన్నవైపోతున్నాయట. అందుకని ఒక వైపు మూడేళ్ళపాటు చేపలు పట్టకూడదట. ఏ వైపన్నది కొలతలు చూశాక చెబుతారట.

"మా నాన్న చేపలు చిన్నవని ఎవరు చెప్పారు వీళ్ళకి? పెద్దవి చూపిస్తే నోరు మూసుకుని పోతారు. సముద్రానికి తాళం వేస్తామంటే ఊరుకుంటామా?"

గుండుసూది తాను తప్పు లెక్క రాయిస్తున్నానని అనుకోలేదు. యుద్ధం చేస్తున్నానని అనుకుంది. అమ్మ బజారులో కూర్చున్నప్పుడు పెద్ద చేపలు బుట్ట పైన పేర్చడం చిన్నప్పటి నుంచి చూస్తోంది. మనవాటిలో మంచివే నలుగురికీ కనపడాలి, అంతే కదా. ఇంజను పడవ మామయ్య బుట్ట వచ్చినప్పుడు మాత్రం బుద్ధిగా కళ్ళు మూసుకుని తీసింది. వాళ్ళ చేపలు ఎంతుంటే తనకేం?

ఇలా నెల రోజులు నడిచింది.

ఆదివారం పొద్దున స్కూల్ హాల్లో మీటింగ్ పెట్టారు. పడవల వాళ్ళంతా వచ్చారు. చేపల ఆఫీసరు గోడకు అఖాతం మ్యాప్ తగిలించారు. అందులో రాళ్ళ వైపు చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది.

గుండుసూది గబుక్కున నాన్న వైపు చూసింది. నాన్నది తెడ్లు వేసుకునే చిన్న పడవ. ఒడ్డుకు దగ్గర్లో ఉన్న ఆ రాళ్ళ వైపు తప్ప ఎక్కడికీ వెళ్ళలేడు.

"మూసేది ఈ వైపే," అన్నారు ఆఫీసరు. "బుట్టలు ముట్టుకోవద్దని మీరు మమ్మల్ని తరిమేశారు. పిల్లలను మాత్రం కొలవనిచ్చారు. ఇది వాళ్ళ లెక్కే. ఏరు సముద్రంలో కలిసే మూతి దగ్గర దొరికే చేపలు చిన్నవి. రాళ్ళ దగ్గర దొరికేవి పెద్దవి. పెద్ద చేపలే ఎక్కువ గుడ్లు పెడతాయి. తల్లులున్న చోటు వదిలేస్తే పిల్లలు అఖాతమంతా నిండుతాయి."

ఏటి మూతి దగ్గర వల వేసే ఇంజను పడవ మామయ్య హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. "లెక్క లెక్కే కదండీ," అన్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "నాకు ఇంజను లేదు. రాళ్ళ వైపు మూసేస్తే నేను ఒడ్డున కూర్చోవడమే." కూతురి వైపు చూసి మెల్లగా అన్నాడు. "కొలత తప్పని మాత్రం నేను అనను. కొలిచింది నా కూతురు."

గుండుసూది తల దించుకుంది.

టీ తాగి వచ్చాక అందరూ ఒప్పందం కాగితం మీద సంతకాలు పెట్టాలన్నారు. గుండుసూది బయటికి పరుగెత్తి, కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతున్న అమ్మ పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూనే కోపం తెచ్చుకుంది.

"నువ్వు కూడా పెద్దవి పైన పెడతావుగా. నేను చేస్తేనే తప్పా?"

అమ్మ చేతిలో గ్లాసు ఆగింది. "కొనేవాళ్ళకి ఆ సంగతి తెలుసమ్మా. కిందికి చేయి పెట్టి చూసుకునే కొంటారు. నీ లెక్కలో ఎవరు చేయి పెట్టి చూశారు? మీ నాన్న కూడా చూడలేదు."

"ఇప్పుడు చెబితే నలుగురిలో నాన్న తల కొట్టేసినట్టవుతుంది."

"అవుతుంది," అంది అమ్మ. గ్లాసు కడిగి బోర్లించింది.

గుండుసూది లోపలికి వెళ్ళింది. ఇంజను పడవ మామయ్య అప్పటికే పెన్ను మూత తీశాడు. ఆమె నేరుగా మ్యాప్ ముందుకు వెళ్ళి నిలబడింది. అందరికీ వినపడేలా గట్టిగా చెప్పింది.

"సంతకాలు పెట్టకండి. ఆ లెక్క తప్పు. మా నాన్న బుట్టలోంచి చూసి చూసి పెద్దవి తీశాను. చిన్నవి పక్కకు నెట్టేశాను. ఎందుకూ వద్దనే అన్నాడు. నేనే వినలేదు."

హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. టీచర్ మొహం మాడిపోయింది. గుండుసూది నాన్న వైపు చూడలేకపోయింది.

"అయితే పిల్లల లెక్క ఇక పక్కన పెట్టేద్దాం," అన్నారు ఆఫీసరు. "గీత ఎలాగూ గీశాం. అలాగే ఉండనిద్దాం."

"ఎలా ఉంటుంది సార్?" అంది గుండుసూది. "లెక్క పోతే గీత కూడా పోవాలి కదా. ఆ లెక్క చూసే గీశామని ఇప్పుడే చెప్పారు."

"మరి ఏం చేయమంటావు?"

"మళ్ళీ కొలుద్దాం. ఈసారి మీరూ వచ్చి పక్కన కూర్చోండి. నా కళ్ళకు గంతలు కట్టండి."

"తప్పు లెక్క రాయించిన పిల్లే మళ్ళీ కొలుస్తుందా?" అన్నాడు ఇంజను పడవ మామయ్య.

"అవును మామయ్యా. చెడగొట్టింది నేనే, బాగుచేయాల్సిందీ నేనే."

అప్పుడు నాన్న లేచాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "నా పిల్ల తప్పు చేసింది. తనే ఒప్పుకుంది. ఇప్పుడు నా మాట కూడా వినండి. సరిగ్గా కొలిచాక ఏ వైపు మూయాలంటే ఆ వైపు మూయండి. కానీ ఇంజను లేనివాళ్ళు మూడేళ్ళు ఎక్కడ వల వేయాలో అదే కాగితం మీద రాయండి. అది రాయనిదే నేను సంతకం పెట్టను."

"నేనూ పెట్టను," అన్నారు వెనక నుంచి ఇద్దరు ముగ్గురు.

ఆఫీసరు గోడ మీది మ్యాప్ తీశారు. దాన్ని చుట్టేశారు. "రెండు వారాలు. అంతకు మించి ఆగను. ఇంజను లేనివాళ్ళ సంగతి కూడా రాయిస్తాను."

ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా నాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది గుండుసూది.

మరునాడు మధ్యాహ్నం షెడ్డు కింద ఆఫీసరు స్టూలు వేసుకుని కూర్చున్నారు. మొదట నాన్న బుట్టే వచ్చింది. టీచర్ తువ్వాలుతో గుండుసూది కళ్ళకు గంతలు కట్టారు.

గుండుసూది చేయి పెట్టింది. ఇప్పుడు చిన్న చేపలు వస్తేనే నాన్నకు మంచిది. కళ్ళు కట్టేసినా వేళ్ళు ఊరుకుంటాయా? పుట్టినప్పటి నుంచి చేపల మధ్య పెరిగిన పిల్ల. ముందు తగిలింది లావుపాటి చేప. పొట్ట నిండా గుడ్లున్నాయని వేళ్ళకు తెలిసిపోతోంది. దాని పక్కనే బుల్లి తోక ఒకటి కదిలింది. చేయి కొంచెం జరిపితే చాలు, ఎవరికీ తెలియదు.

చేయి జరపలేదు. ముందు తగిలినదాన్నే పైకి తీసింది. ఎందుకూ దాన్ని చెక్క మీద సర్ది, స్కేలు చూశాడు. నోరు మెదపలేదు.

"ఎందుకు ఆగావు? చదువు," అంది గుండుసూది.

"ముప్పై నాలుగు," అన్నాడు మెల్లగా.

"అందరికీ వినపడాలి. ముప్పై నాలుగు," అని తనే గట్టిగా చెప్పింది గుండుసూది. "రాయి."

వెనక నుంచి గరుకు చేతులు వచ్చి తువ్వాలు ముడి విప్పి, మళ్ళీ బిగించి కట్టాయి. అవి నాన్న చేతులని వాసనతోనే తెలిసింది.

"వదులుగా ఉంది," అన్నాడు నాన్న. "కానివ్వమ్మా. ఇంకా తొమ్మిదున్నాయి."

ఆ తొమ్మిదీ తీసింది. పెద్దవి కొన్నే, చిన్నవే ఎక్కువ. వచ్చినవి వచ్చినట్టు చెప్పింది. తువ్వాలు పైకెత్తి, తర్వాతి బుట్ట వైపు తిరిగింది. ఇంజను పడవ మామయ్య తన బుట్టలో గబగబా చిన్న చేపలు పైకి తెస్తున్నాడు.

"మామయ్యా, చేతులు తీయండి."

"నా బుట్ట నేను సర్దుకోకూడదా?"

"కొలిచాక సర్దుకోండి. ఆ పని నెల రోజులు చేశాను. నా దగ్గరా మీ వేషాలు?"

ఆఫీసరు పకపకా నవ్వారు. మామయ్య నవ్వలేదు, కానీ చేతులు మాత్రం తీసేశాడు.

గుండుసూది రెండు చేతులతో బుట్టను కింది నుంచి పైదాకా బాగా కలిపేసింది. తర్వాత తువ్వాలు కళ్ళ మీదికి లాక్కుని, చేయి లోపల పెట్టింది.