తీగ పీకినా ‘ఓకే’

జగ్గయ్యపేట బస్టాండులో గోలీసోడా సగం తాగి బెంచీ మీద కూర్చున్న వరప్రసాదరావు మళ్ళీ లేవలేదు. పక్కనున్నవాళ్ళు కునుకు పట్టిందనుకున్నారు. శవాన్ని చూసిన డాక్టరు గుండెపోటని రాసేసి భోజనానికి వెళ్ళిపోయాడు. నురగలో సయనైడు ఉండొచ్చన్న ఆలోచన ఆయన బుర్రకు తట్టలేదు. ఆ బుర్రకు తట్టని విషయాలు ఇంకా చాలా ఉన్నాయి.

విజయవాడలో ఒక లాడ్జి గదిలో చీఫ్ చెన్నకేశవరావు ఏజెంట్ భవానీప్రసాద్‌కు విషయం చెప్పాడు.

“చచ్చిపోయినవాడు మన ప్రోగ్రామర్. వత్సవాయి పక్క గుట్టల్లో, పాత సున్నపురాయి క్వారీ కింద, మనకో రహస్య డిపో ఉంది. రాకెట్ ఇంధనం. ఇరవై ఒక్క డిగ్రీలు దాటితే అది మరిగి టాంకు పగులుతుంది. ఎర్రటి విషపు పొగ. గాలి ఎటు తిరిగితే అటు ఊళ్ళు పోతాయి.”

“లోపల మనుషులెవరూ లేరా సార్?”

“ఉండలేరు. అక్కడున్నది కంప్యూటరొక్కటే. దాన్ని నందిగామ ఆఫీసులోని కంప్యూటర్ నుంచి నడిపిస్తాం. ఆఫీసు ప్రోగ్రాం ‘వేడి ఎంత?’ అని ఒక ఫంక్షన్‌ని పిలుస్తుంది. అది తన మెషీన్లోనే ఉన్నట్టు పిలుస్తుంది. నిజానికి ఆ ఫంక్షన్, అంటే వేడి కొలిచి చెప్పే ప్రోగ్రాం ముక్క, ఉండేది గుట్టలో. మధ్యలో క్లయింట్ లైబ్రరీ అని ఒకటి ఆ పిలుపుని మూటగట్టి టెలిఫోన్ లైను మీద పంపిస్తుంది. జవాబు రాగానే విప్పి చేతిలో పెడుతుంది.”

“ఆ మధ్యవాడు అబద్ధం చెబితే?”

“అందుకే నువ్వు వెళ్తున్నావు. ఆ లైబ్రరీ రాసింది వరప్రసాదరావే. రాబిన్‌సన్ అనే విదేశీయుడు పురుగుమందుల నిపుణుణ్ణని చెప్పుకుని ఆ చుట్టుపక్కల తిరుగుతున్నాడు. వాడి ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది. ప్రమీలారాణి. ఆఫీసు డైరెక్టరుకి సెక్రటరీ. జాగ్రత్త, ఆవిడ జీతం మన దగ్గరే కాదు, వాడి దగ్గర కూడా తీసుకుంటుందని నాకనుమానం.”

మర్నాడు భవానీప్రసాద్ ఏసీ మెకానిక్ వేషంలో నందిగామలో దిగాడు. ఖాకీ చొక్కా, చేతిలో టూల్‌బాక్సు, అందులో గ్రీజు డబ్బా అడుగున వైర్‌లెస్ సెట్టు. ఆఫీసు ముందు ‘విత్తనాల పరిశోధన కేంద్రం’ అని బోర్డుంది. లోపల ఒక్క విత్తనం కూడా లేదు.

ప్రమీలారాణి వరండాలోనే ఎదురైంది. షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, గది దాటినా పోని సెంటు వాసన.

“ఈసారి పత్తికి పురుగెక్కువేనాండీ?” అన్నాడు భవానీప్రసాద్.

“పురుగు మామూలేనండి. మందే కల్తీ,” అంది. కోడ్ సరిపోయింది. ఆవిడ కళ్ళు మాత్రం అతని మీద లేవు. గేటు వైపు చూస్తున్నాయి.

కంప్యూటర్ గదిలో డైరెక్టర్ తిరుపతిరావు రివాల్వింగ్ కుర్చీలో తిరుగుతున్నాడు. రాబిన్‌సన్ బహూకరించిన విదేశీ సిగరెట్టు పెట్టె బల్లమీద అందరికీ కనబడేలా ఉంది. ఆ పెట్టెకి అమ్ముడుపోయినట్టు కూడా ఆయనకు తెలియదు. అంత చవగ్గా దొరికే మనిషి.

“ఏమోయ్, ఏసీ సంగతి తరవాత. బూట్లు బయట విడిచావా?”

“విడిచానండి. గుట్టలో అంతా కులాసానా అండి?”

తిరుపతిరావు ఉలిక్కిపడ్డాడు. భవానీప్రసాద్ గుర్తింపు కార్డు తీసి ఆయన ముక్కు ముందు పెట్టాడు.

“వేడి ఎంతుందో అడగండి.”

తిరుపతిరావు మీట నొక్కాడు. వేలు తీసేలోగా తెర మీద జవాబు వచ్చేసింది. పన్నెండు డిగ్రీలు. ఓకే.

“చూశారా? పర్‌ఫెక్ట్! వారం నుంచి సిస్టం ఎంత ఫాస్టుగా పనిచేస్తోందో!”

“మన టెలిఫోన్ లైను మీద అంత ఫాస్టుగా జవాబొస్తే మీకు అనుమానం రాలేదా?”

“అనుమానమెందుకండీ? ఓకే అని పడుతోందిగా!”

భవానీప్రసాద్ వంగి మోడెం వెనక నుంచి టెలిఫోన్ తీగ పీకేశాడు. కొసని తిరుపతిరావు ఒళ్ళో పడేశాడు.

“ఇప్పుడడగండి.”

తెర మీద మళ్ళీ పడింది. పన్నెండు డిగ్రీలు. ఓకే.

తిరుపతిరావు ఒళ్ళోని తీగనీ, తెరనీ మార్చి మార్చి చూశాడు.

భవానీప్రసాద్ తలుపు దగ్గర నిలబడ్డ ప్రమీలారాణి వైపు తిరిగాడు. “జవాబు గుట్ట నుంచి కాదు, ఈ లైబ్రరీయే అల్లుతోంది. మార్చింది మీరేనా?”

“రాబిన్‌సన్ ఇచ్చిన ఫ్లాపీ ఎక్కించా. నా జోలికి రాకండి, కారొస్తుంది, వెళ్ళిపోతున్నా.”

“ఆ కారు పొద్దున్నే వెళ్ళిపోయింది. కీసర వంతెన మీద మావాళ్ళు చూశారు. వాడొక్కడే ఉన్నాడు.”

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. కాటుక చెదిరిన కళ్ళు.

“గుట్ట పేలితే పొగ నందిగామ దాకా రాదన్నాడు...”

“వాడు మీకు చెప్పినవన్నీ ఇలాంటివే. వరప్రసాదరావుకి అనుమానమొచ్చింది. ఆ సంగతి ముందు మీతోనే చెప్పాడు, అవునా?”

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక ఫ్లాపీ తీసి బల్లమీద పెట్టింది.

“అసలుది. దాచా.”

“అమ్ముకుందామనా?”

“బతుకుదామని.”

“వరప్రసాదరావూ అదే అనుకునుంటాడు,” అన్నాడు భవానీప్రసాద్ ఆవిడ వైపు చూడకుండా.

తీగ తగిలించాడు. వరప్రసాదరావు రాసిన లైబ్రరీతో ప్రోగ్రాంను మళ్ళీ లింక్ చేశాడు. మోడెం కీచుమంది. దీపాలు మినుకుమన్నాయి. చాలాసేపటికి, నిజమైన గుట్ట నుంచి నిజమైన జవాబు వచ్చింది.

ఇరవై డిగ్రీలు. అంటే కూలింగ్ ఆగిపోయింది.

వత్సవాయి చేలల్లో ఆడవాళ్ళు పత్తి తీస్తూ ఉండే వేళ అది. భవానీప్రసాద్ కూలింగ్ స్విచ్ ఫంక్షన్‌ని పిలిచాడు. జవాబు లేదు. తెర మీద పడింది ఒకే మాట. టైమౌట్.

“అందలేదు! మళ్ళీ కొట్టండి!” తిరుపతిరావు మీట మీదకు దూకాడు. భవానీప్రసాద్ ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు.

“కూలింగ్ ఆగి ఉంటే ఆ స్విచ్ తిప్పుతుంది, తిరుగుతుంటే ఆపుతుంది. మన పిలుపు అంది, అక్కడి జవాబు మాత్రమే దారిలో పోయుంటే? మళ్ళీ కొడితే మనమే ఆపినట్టు!”

“అందకపోయుంటే?”

“వేడి అడుగుదాం. కూలింగ్ తిరుగుతుంటే కాస్త ఆలస్యంగానైనా దిగుతుంది. ఎన్నిసార్లడిగినా నష్టం లేని ప్రశ్న అదొక్కటే.”

అడిగాడు. ఇరవైన్నర. మళ్ళీ అడిగాడు. ఇరవైన్నర దాటింది. వేలు స్విచ్ మీట దాకా వెళ్ళి ఆగింది. చెమట కనురెప్పల మీంచి జారుతోంది. ప్రమీలారాణి గోడకు ఆనుకుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ అడిగాడు. ఇరవై ఒకటికి వెంట్రుకవాసి తక్కువ.

మళ్ళీ.

ఇరవైన్నర.

ఆ తరవాత ఇరవై. పంతొమ్మిది. అంటే కూలింగ్ తిరుగుతోంది.

తిరుపతిరావు కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. భవానీప్రసాద్ గ్రీజు డబ్బా విప్పి వైర్‌లెస్‌లో రెండు మాటలు చెప్పాడు. జీపు రాగానే ప్రమీలారాణి తనంతట తానే వెళ్ళి అందులో కూర్చుంది.

సాయంత్రానికి కంచికచర్ల దగ్గర రాబిన్‌సన్ దొరికాడు. పురుగుమందు డబ్బాల మధ్య, లుంగీ కట్టుకుని, లారీ క్లీనరు వేషంలో. మోకాళ్ళ తెలుపు చూసి కానిస్టేబుల్ నవ్వాపుకోలేకపోయాడట.

చీఫ్ ఫోన్ చేశాడు. “కంగ్రాట్స్. వాడు ఒకటే గోల పెడుతున్నాడు. ఢిల్లీలో వాళ్ళ ఎంబసీకి ఫోన్ చేసుకోవడం తన హక్కంటాడు. ఏం చెయ్యమంటావు?”

“హక్కుని కాదనకూడదు సార్,” అన్నాడు భవానీప్రసాద్ ఖాకీ చొక్కా విప్పుతూ. “ట్రంకాల్ బుక్ చెయ్యండి. లైను ఎల్లుండికి కలిసే రకం. ఆర్డినరీ.”