కుడివైపు పాట

"సౌండ్ బాగుంది కానీ, పాటలో మాటలు తెలియట్లేదండీ," అంది రుచిత.

లక్ష్మీకాంత్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఆటోనగర్‌లో కార్ల ఆడియో షాపు పెట్టిన దగ్గర్నుంచీ ఏ చిన్న కారుకీ ఇంత శ్రద్ధగా పని చెయ్యలేదతను. కంపెనీ వాళ్ళు బిగించిన స్పీకర్లు అట్టముక్కల్లా ఉంటే పీకి అవతల పారేశాడు. నాలుగు తలుపులకీ కొత్తవి పెట్టాడు. రేకు అదరకుండా లోపల షీట్లు అంటించాడు. మోత గట్టిగా రావడానికి సీటు కింద ఊఫర్ కూడా అమర్చాడు. ఇంతా చేస్తే మాటలు తెలియట్లేదట!

"పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోంది కదండీ!"

"మీకు వినపడుతోందేమో."

"అయితే పదండి. రోడ్డు మీద విందాం."

ఆమె డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. అతను పక్క సీట్లో కూర్చున్నాడు. బందరు రోడ్డెక్కి పోరంకి వైపు వెళ్తుంటే అడిగాడు, "రోజూ ఇటేనా అండీ మీరు వెళ్ళేది?"

జవాబు లేదు.

"ఊఫర్ కాస్త తగ్గించమంటారా?"

రోడ్డు మీదనుంచి చూపు కూడా తిప్పలేదు. నుదుటి మీద పడ్డ జుట్టుని మాత్రం తీరిగ్గా వెనక్కి తోసుకుంది.

అబ్బో, ఏం పొగరు అనుకున్నాడు లక్ష్మీకాంత్. "మాలాంటి వాళ్ళతో మాట్లాడితే మీ పరువేం పోదులెండి," అని పైకే అనేశాడు. దానికీ ఆమెలో చలనం లేదు.

షాపుకి తిరిగొచ్చాక ఆమె కారు దిగి, అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బ్యాలెన్స్ మొత్తం కుడివైపుకి తిప్పెయ్యండి. ఎడమవైపు స్పీకర్లు నాకక్కర్లేదు."

"స్టీరియో అంటేనే రెండు వైపులా కదండీ. అలా తిప్పితే సగం పాట పోతుంది!"

"ఇప్పుడు మాత్రం నాకు వచ్చేది సగమేగా," అందామె నెమ్మదిగా. "నాకు ఎడమ చెవి వినపడదండీ. చిన్నప్పుడు గవదబిళ్ళలొచ్చి పోయింది. దార్లో మీరేదో అనే ఉంటారు. నా పక్కన కూర్చున్న వాళ్ళంతా ఏదో ఒకటి అడిగి, నాకు పొగరనుకుని దిగిపోతుంటారు."

లక్ష్మీకాంత్ తల దించుకున్నాడు. సారీ చెప్పాలని నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సారీ మాత్రం చెప్పకండి. ఏ వైపు నుంచి చెప్పినా నాకు విసుగే."

ఆమె ఆటో పిలుచుకుని వెళ్ళిపోయాక అతను ఆ కారులోనే కూర్చున్నాడు. ఎడమ చెవిలో దూది కుక్కుకుని పాట పెట్టాడు. ఊఫర్ మోత గొంతుని మింగేస్తోంది. ఎటునుంచి ఏ వాద్యం వస్తోందో తెలియడం లేదు. ఎంతోమంది కార్లలో సౌండ్ సరిచేసి శభాష్ అనిపించుకున్నాడు కానీ, ఇన్నాళ్ళూ సరిచేసింది తన చెవులకేనని ఇప్పుడు అర్థమైంది.

బ్యాలెన్స్ తిప్పినంత మాత్రాన సరిపోదు. ఎడమవైపు రికార్డయిన వాద్యాలన్నీ పోతాయి. రెండు వైపులవీ ఒకటిగా కలిపి, ఆ కలిసిన పాటని కుడి తలుపు నుంచి ఇవ్వాలి. అలాగే చేశాడు. ఆమె భుజానికి దగ్గరగా ఇంకో చిన్న స్పీకర్ బిగించాడు. తను ముచ్చటపడి పెట్టిన ఊఫర్‌ని తనే విప్పేశాడు.

ఆమె కారు కోసం వచ్చిన రోజు వాన మొదలైంది. ఈసారి అతను వెనక సీట్లో, సరిగ్గా ఆమె వెనకాల కూర్చున్నాడు.

"అదేంటండీ, మీరు ఓనరు, నేను డ్రైవరులా!" అని నవ్విందామె.

"ఇక్కణ్ణుంచైతే తిట్టినా వినపడుతుంది కదండీ."

అద్దాలు మూసుకుని బయల్దేరారు. ఆమె తనకిష్టమైన పాట పెట్టుకుంది. హాస్టల్లో ఉన్నప్పట్నుంచీ కుడి చెవిలో ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకుని వింటున్న పాట అది. పల్లవి అయింది. చరణానికి ముందు వేణువు లేచింది.

రుచిత కారు పక్కకి తీసి ఆపేసింది.

"ఈ వేణువు మీరు కలిపారా?"

"నేనెలా కలుపుతానండీ! అది మొదట్నుంచీ పాటలోనే ఉంది. మీకు రాని వైపున ఉండిపోయింది."

పాట అయిపోయాక ఆమె మళ్ళీ మొదటికి పెట్టింది. అద్దంలో ఆమె కళ్ళు తళుక్కుమన్నాయి. లక్ష్మీకాంత్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అతనికి ఉయ్యూరులో అమ్మానాన్నల్ని చూడాలన్న బెంగ తరచూ పుట్టుకొచ్చింది. రుచిత ఉద్యోగం ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ ల్యాబ్‌లో. పటమట నుంచి రోజూ వెళ్ళొస్తుంది. "బస్సులు ఖాళీ లేవండీ," అంటూ అతను ఆ కారెక్కేవాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనకే కూర్చునేవాడు. కంకిపాడు వచ్చేదాకా పాటలు, అక్కణ్ణుంచి కబుర్లు. ఒకరోజు చెప్పిందామె.

"పెళ్ళిచూపుల్లో చెవి సంగతి చెప్పాను. వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఈసారి చెప్పొద్దంటోంది మా అమ్మ. పెళ్ళయ్యాక వాళ్ళకే తెలుస్తుందిలే అంటుంది. పక్కన కూర్చున్న మనిషి నాతో మాట్లాడి మాట్లాడి, నేను వినట్లేదని తెలుసుకోవాలా చెప్పండి?"

ఆ వారమంతా అదే మాట అతని మనసులో తిరిగింది.

మళ్ళీ కారెక్కినప్పుడు ముందు సీట్లో కూర్చున్నాడు. వాన జోరుగా ఉంది, వైపర్లు కొట్టుకుంటున్నాయి. రోడ్డు వైపే చూస్తూ, పెదవి కదిలీ కదలనట్టు చెప్పాల్సింది చెప్పేశాడు.

రుచిత కొంచెం దూరం పోనిచ్చి, కాలవ పక్కన కారాపింది.

"వెనక కూర్చునే మనిషి ఇవాళ ముందు కూర్చున్నారంటే, నాకు వినపడకూడనిదేదో చెప్తున్నారన్నమాట. దిగి ఇటొచ్చి చెప్పండి."

"వాన కదండీ!"

"చూస్తున్నాగా."

అతను దిగాడు. కారు చుట్టూ తిరిగొచ్చేసరికే తడిసి ముద్దయ్యాడు. ఆమె అద్దం దించింది.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది," అన్నాడు ముఖమ్మీద కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ.

"జాలా?"

"జాలైతే ధైర్యంగా మీ కుడివైపే చెప్పేవాణ్ణండీ. మీరు కాదంటారని భయం. అందుకే అటునుంచి చెప్పాను."

"మీ అమ్మగారికి నా చెవి సంగతి ముందే చెప్పండి. నన్ను దాచిపెట్టి తీసుకెళ్ళొద్దు." అని, తర్వాత నవ్విందామె. "ఇక ఎక్కండి, జ్వరమొస్తుంది."

ఉయ్యూరులో అతని తల్లి సీతారావమ్మ, కొడుకు చెప్పిందంతా విని, చేతిలో చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ ఉండిపోయింది. "నన్ను ఆలోచించుకోనీరా," అంది చివరికి. ఆ రాత్రి అన్నం దగ్గర కూడా ఆ ఊసు ఎత్తలేదు. తెల్లారాక మాత్రం, "ఆదివారం వాళ్ళింటికి వెళ్దాం," అంది. ఔనందో కాదందో అతనికి తెలియలేదు.

ఆదివారం పటమటలో రుచిత తల్లి ఇందిరాదేవి చీర కుచ్చిళ్ళు సర్దే నెపంతో కూతురి దగ్గర గుసగుసలాడింది. "అబ్బాయికి తెలిస్తే తెలిసింది. ఆవిడ ముందు మాత్రం చెవి సంగతి ఎత్తకే తల్లీ."

సీతారావమ్మ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. రుచిత సోఫా మధ్యలో కూర్చుని ఉంది. గదిలో అందరూ ఒక్కసారి మాట్లాడుతున్నారు, పైన ఫ్యాను గరగరమంటోంది. ఆవిడ సోఫా దాకా వచ్చి, కూర్చోకుండా అమ్మాయికి ఎదురుగా ఆగింది.

"ఏ వైపు కూర్చోమంటావమ్మా?" అనడిగింది సీతారావమ్మ.

కాఫీలు తెస్తున్న ఇందిరాదేవి గుమ్మంలోనే నిలబడిపోయింది.

రుచిత ఎడమవైపుకి జరిగి, తన కుడిపక్కన చోటు చూపించింది.