పాత శవాల గదిలో నిలిచిపోయే దీపాలు

ఇనప గనుల ఊరు కిరండూల్‌లో ఆ గది పేరెత్తితే గని కాలనీ వాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. ఒకప్పుడు ఆస్పత్రి వాళ్ళు శవాల్ని ఉంచిన గది మరి. కొండ నీడలో చల్లగా ఉంటుంది కదా అని, కంప్యూటర్లొచ్చాక ఆస్పత్రివీ ఆఫీసువీ కాగితాలన్నీ దాచే పెద్ద మెషీన్లు తెచ్చి అందులోనే దించారు. శవాలు పోయాయి... చలి మాత్రం పోలేదు.

పోయిన వానాకాలం చివర మొదలైందట ఆ వింత. రాత్రి ఒకటిన్నరకు — సరిగ్గా ఒకటిన్నరకే — మెషీన్ల మీద మిణుకుమిణుకుమనే పచ్చదీపాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయేవి. ఆరిపోవడం కాదు సుమా. రెప్ప వేయడం మానేసిన కళ్ళలాగా... అలా చూస్తూ ఉండేవి. అదే వేళకు ఆస్పత్రిలో డాక్టరు ముందు కంప్యూటర్లో ఎక్స్‌రే సగం వచ్చి ఆగిపోయేది. గంటకో గంటన్నరకో దానంతటదే సర్దుకునేది.

రాత్రిపూట ఆ గదికి దిక్కు భానుప్రసాద్. విజయనగరం మనిషి, ఇరవయ్యేళ్ళ సర్వీసు, మహా భక్తుడు. అంతుబట్టనిదేదైనా ఎదురైతే అది తన చేతకానితనమేమో అనుకునే అలవాటు మాత్రం లేదు. ఒక రాత్రి దీపాలు నిలిచిన వేళకు, ఊడ్చే మంగ్లీ మూలన నిలబడి గోండీలో ఏదో కూనిరాగం తీస్తోంది. ఇంకేముంది, పొద్దున్నే టీకొట్టు దగ్గర అనేశాడు.

"ఆ మనిషి ఏటో చదువుతోందిరా. అది పెదవి కదిపితే దీపాలు ఆగిపోతన్నాయి."

వారం తిరక్కుండా ఆమె పని పోయింది. వాడలో వాళ్ళు 'టోన్హీ' అన్నారు — చేతబడి చేసేదని. బోరింగు దగ్గరికి ఆమె వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్కకు పోయేవారు.

మంగ్లీ వెళ్ళిపోయింది. దీపాలు మాత్రం... ఆగుతూనే ఉన్నాయి.

ఒక రాత్రి ఒకటే వాన. మెషీన్లు అమ్మిన కంపెనీ నుంచి స్రవంతి అనే ఇంజనీరు పిల్ల విశాఖ నుంచి ఫోన్లో ఉంది.

"ఇది మనుషుల పని కాదమ్మా," అన్నాడు భానుప్రసాద్, గుసగుసగా.

"నిమ్మకాయలు కట్టారా సార్?"

"కట్టాను."

"సరే. ఇప్పుడు చెప్పండి... ఒక్క కంప్లైంటు కూడా రాని మెషీన్ ఏది?"

అతను ఆలోచించాడు. "ఆ మూల పాతది. రాత్రి ఒకటిన్నరకు అన్నిటి నకళ్ళూ దాంట్లోకి పోతాయి. దాన్ని నేనే చూసుకుంటాను."

"మీ గూడ్సు లైను చూస్తారుగా సార్. ముందున్న ఒక్క బండి సరుకు దించుకోకుండా కూర్చుంటే, వెనక బళ్ళన్నీ, దాంతో సంబంధం లేనివి కూడా, పట్టాల మీదే నిలబడిపోతాయి. అరిచేది నిలబడ్డవాళ్ళు. ఆపినవాడు చప్పుడు చెయ్యడు. వేళకి దాని తీగ పీకి చూడండి."

ఒకటిన్నర...

దీపాలు నిలిచిపోయాయి. వరసకు వరస పచ్చకళ్ళు. వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంది — తనదో, ఇంకెవరిదో. గోడ పట్టుకుని మూలకు పోయాడు. తీగ పీకాడు.

అంతే — దీపాలన్నీ మళ్ళీ పరుగందుకున్నాయి.

తీగ కొసన టార్చి వేశాడు. ఎర్రగా... ఎండిన నెత్తురులా.

"ఏముంది సార్ కొసన?"

"ఎర్ర దుమ్ము," అన్నాడు.

గనిదుమ్మంటే సరిపోతుంది. ఊడ్చేది సరిగ్గా తుడవలేదంటే సరిపోతుంది. ఎలాగూ పని పోయిన మనిషి... వేలితో అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పూజగది వాసన. విశ్వకర్మ పూజనాడు కొత్త తీగ వస్తే, కొత్త వస్తువు కదా అని కళ్ళకద్దుకుని, కొసన బొట్టు పెట్టి మరీ దూర్చింది తనే. ఆ మర్నాటి నుంచే కదా దీపాలు ఆగడం. తీగ లోపలిది వెంట్రుకంత గాజుపోగు, అందులోంచి వెలుతురు పోవాలి. దాని కంట్లో కుంకుమ కొట్టాడు. పాపం ఆ పాత మెషీన్ ఒక్కో ముక్కనూ పదేసిసార్లు అడిగి తీసుకుంటుంటే, మిగతావన్నీ దాని వెనక పడిగాపులు పడ్డాయి.

"సార్... ఉన్నారా?"

టార్చి ఆర్పి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. "దుమ్ము కాదమ్మా. కుంకుమ. నేనే పెట్టాను. రిపోర్టులో నా పేరుతోనే రాయి."

తెల్లారి ఆఫీసరు రాజేశ్వరరావు ముందూ, అదే టీకొట్టు ముందూ తలవంచుకుని ఈ మాటే చెప్పాడు. ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు కాలిపోయాయి. అక్కణ్ణుంచి నేరుగా మంగ్లీ వాడకు పోయాడు. ఆమె వాకిట్లో చేట పట్టుకుని చెరుగుతోంది. చుట్టుపక్కల వాళ్ళంతా వినాలని గట్టిగానే మొదలుపెట్టాడు.

"తప్పు నాది మంగ్లీ. నీ మీద అన్నదంతా అబద్ధం. ఆఫీసరుగారితో చెప్పాను. ఆ గదిలో దెయ్యం లేదు, ఏమీ లేదు. పనిలోకి వచ్చెయ్."

మంగ్లీ చేట కింద పెట్టలేదు.

"దెయ్యం లేదని నాకు మాలూమే బాబూ," అంది. "ఆస్పత్రిలో పని ఉంటే చెప్పు, వస్తా. ఆ గదిలోకి మాత్రం రాను. రాత్రంతా అక్కడ నువ్వుంటావు."